బ్రెడ్ మెషిన్ బీప్ కొట్టింది, బన్ను పిండి పొంగలేదు. ఎందుకు?

ఈరోజు టాపిక్ వినడానికి చాలా చిన్నది. బ్రెడ్ మెషిన్‌లో తీపి బన్నుల పిండి ఎలా చేయాలి, అంతే. కానీ దీని వెనక మా ఇంట్లో ఒక గొడవ ఉంది. ఆ గొడవలో తప్పు పూర్తిగా నాది. అందుకే ముందు అది చెప్పేసి తర్వాత పిండి దగ్గరికి వస్తా.

మా అక్క కూకట్‌పల్లిలో ఉంటుంది. ఎనిమిదేళ్ళు స్కూల్లో టీచర్‌గా చేసి, రెండో పాప పుట్టాక మానేసింది. ఇంట్లోనే కేకులు, కుకీలు చేసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అమ్మడం మొదలుపెట్టింది. చిన్న చిన్న ఆర్డర్లు వచ్చేవి. సంక్రాంతి అయిన వారం మొదటిసారి పెద్దది వచ్చింది. పక్క బ్లాక్‌లో ఒకావిడ వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి 3 డజన్ల కొబ్బరి బన్నులు అడిగారు. సాయంత్రం 6కల్లా ఇవ్వాలి. అడ్వాన్స్ 500 కూడా పంపేశారు.

అక్కకి కుడి భుజం నొప్పి ఉంది. 36 బన్నులంటే దాదాపు 2 కిలోల పైన పిండి ముద్ద. చేత్తో పిసకడం ఆమె వల్ల కాదు. అప్పుడు నేను హీరోలా ఎంటర్ అయ్యాను. "నా దగ్గర బ్రెడ్ మెషిన్ ఉందిగా అక్కా, పొద్దున్నే తెస్తా, బటన్ నొక్కి కూర్చుందాం" అన్నాను. ఆ మెషిన్ నేను ఆఫీసులో ఒకతను అమెరికా వెళ్ళిపోతూ అమ్మేస్తుంటే కొన్నది. దాంట్లో నేను అప్పటిదాకా మామూలు బ్రెడ్ తప్ప ఏమీ చేయలేదు. ఆ ముక్క మాత్రం అక్కకి చెప్పలేదు.

మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో వైట్ బ్రెడ్ కొలతలు ఉన్నాయి. 400 గ్రాముల మైదాకి 2 స్పూన్ల పంచదార, ఒక చిన్న స్పూన్ ఈస్ట్. మనకి తీపి బన్ను కావాలి కదా, సింపుల్, పంచదార పెంచేద్దాం అన్నాను. 100 గ్రాములు వేశాం. ఈస్ట్ ముట్టుకోలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు అలాగే పోశాం. రుచిగా ఉంటుందని కరిగించిన నెయ్యి మొదట్లోనే గుమ్మరించాం. డో మోడ్ పెట్టాం. స్క్రీన్ మీద గంటన్నర పడింది.

గంటన్నర తర్వాత బీప్ వచ్చింది. మూత తీస్తే పిండి పూరీ పిండిలా అడుగున కూర్చుని ఉంది. అక్క వేలితో నొక్కి చూసి, "ఒరేయ్, ఇది పొంగలేదేంట్రా?" అంది. నేనేమో, "అయిపోయిందని మెషినే చెప్తోంది కదక్కా, ఓవెన్‌లో పొంగుతుందిలే" అన్నాను.

ఆ ఒక్క వాక్యం నా నోట్లోంచి ఎందుకొచ్చిందా అని ఇప్పటికీ అనుకుంటా. ఎనిమిదేళ్ళు పిల్లల ముఖాలు చూసి పాఠం అర్థమైందో లేదో చెప్పిన మనిషి, పిండిని కళ్ళతో చూసి అవ్వలేదని చెప్తుంటే, నేను స్క్రీన్ మీద సున్నా చూసి అయిపోయిందన్నాను.

రెండు బ్యాచ్‌లు అలాగే చేసి, బన్నులు చుట్టి ఓవెన్‌లో పెట్టాం. బయటికి వచ్చినవి బన్నులు కావు, గోడకేసి కొడితే సున్నం రాలేలా ఉన్నాయి. మూడో బ్యాచ్ పిండి సాయంత్రం 4కి మెషిన్‌లోంచి వచ్చింది. అదీ పొంగలేదు. దాన్ని ఒక గిన్నెలో వేసి, పైన ప్లేటు బోర్లించి, ఫ్రిజ్ మీద పెట్టేసింది అక్క. తర్వాత ఆవిడకి ఫోన్ చేసి విషయం చెప్పి, అడ్వాన్స్ వెనక్కి పంపి, తన డబ్బుతో బేకరీలో 36 బన్నులు కొని తనే వెళ్ళి ఇచ్చొచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. మెషిన్ శుభ్రంగా తుడిచి, డబ్బాలో పెట్టి, టేప్ వేసి, గుమ్మం పక్కన పెట్టింది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి నేను అక్కడే పడుకున్నా. 12 దాటాక మంచినీళ్ళ కోసం లేచి వంటింట్లో లైటు వేశా. ఫ్రిజ్ మీద గిన్నె. దాని మీద ప్లేటు పక్కకి ఒరిగిపోయి ఉంది. పిండి గిన్నె అంచు దాటి పైకి వచ్చింది, మెత్తగా, గుండ్రంగా. వేలు పెడితే గాలి బుడగలు కదిలాయి.

అంటే పిండి చచ్చిపోలేదు. ఈస్ట్ బాగానే ఉంది. పాపం దానికి 8 గంటలు కావాలి, మేం గంటన్నర ఇచ్చాం. అంతే జరిగింది. ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఆ గిన్నె గురించే.

సరే, ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఈస్ట్ అంటే ఏకకణ జీవి, ఒక రకం శిలీంధ్రం. పిండిలో ఉన్న చక్కెరలు తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. మైదాని నీళ్ళతో పిసికినప్పుడు గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. ఆ గ్యాస్ ఆ వలలో చిక్కుకుంటుంది, పిండి పొంగుతుంది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. మరి చక్కెరే దాని తిండి అయితే, ఎక్కువ చక్కెర వేస్తే ఎక్కువ పొంగాలి కదా? నేనూ అదే అనుకున్నా.

మాగాయ పెట్టడం ఎప్పుడైనా చూశారా? మామిడికాయ ముక్కలకి ఉప్పు పట్టించి జాడీలో వేస్తారు. చుక్క నీళ్ళు పోయరు. మర్నాటికి జాడీలో ఊట నిండిపోయి ఉంటుంది. ఆ నీళ్ళన్నీ ఎక్కడివి? ముక్కల్లోవే. బయట ఉప్పు గాఢత ఎక్కువ, లోపల తక్కువ, కాబట్టి నీళ్ళు లోపల్నుంచి బయటికి వచ్చేశాయి. స్కూల్లో ద్రవాభిసరణం అని కిస్‌మిస్‌లతో ప్రయోగం చేయించారు, గుర్తుందా? అదే ఇది. పంచదార కూడా సరిగ్గా ఉప్పులాగే నీళ్ళు లాగుతుంది. తీపి పిండిలో ఈస్ట్ కణం పరిస్థితి జాడీలో మామిడి ముక్క పరిస్థితే. దాని ఒంట్లో నీళ్ళు బయటికి పోతుంటే అది గ్యాస్ చేయడం మానేసి ముందు ప్రాణం కాపాడుకునే పనిలో పడుతుంది. లోపల గ్లిసరాల్ తయారు చేసుకుని నీళ్ళు పోకుండా ఆపుకుంటుంది. అదంతా సర్దుకున్నాక, నెమ్మదిగా తన మామూలు పని మొదలుపెడుతుంది.

ఇంకో తమాషా ఉంది. ఈస్ట్ దగ్గర ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మనం వేసిన పంచదార అణువు ఒక్కొక్కదాన్నీ అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండుగా విడగొట్టేస్తుంది, అదీ చాలా త్వరగా. ఒకటి రెండయ్యాయి కాబట్టి నీళ్ళు లాగే బలం కూడా దాదాపు రెట్టింపు అవుతుంది. తన తిండి తనే తరుక్కుని, తన గొంతు మీదికి తనే తెచ్చుకుంటుందన్నమాట.

ఎంత పంచదార అయితే ఎక్కువ? బేకరీ వాళ్ళు ఏదైనా పిండి బరువుతో పోల్చి చెప్తారు. పిండి ఎప్పుడూ 100. 400 గ్రాముల మైదాకి 40 గ్రాముల పంచదార అంటే 10 శాతం. 5 శాతం దాకా ఈస్ట్‌కి ఇబ్బందే లేదు. 10 దాటితే మామూలు ఈస్ట్ మెల్లగా తగ్గడం తెలుస్తుంది. మేం వేసింది 25 శాతం. ఈస్ట్ 3 గ్రాములు, అంటే ఒక శాతం కూడా లేదు. పైగా పాలు ఫ్రిజ్‌లోవి, పైగా జనవరి.

నమ్మకం కుదరక ఇంటికెళ్ళి నేనే ఒక టెస్ట్ చేశా. మూడు స్టీలు గ్లాసులు. ఒక్కో దానిలో 100 గ్రాముల మైదా, 60 గ్రాముల నీళ్ళు, 1 గ్రాము ఈస్ట్ కలిపిన పిండి. మొదటిదానిలో పంచదార సున్నా, రెండోదానిలో 10 గ్రాములు, మూడోదానిలో 25. స్టీలు గ్లాసులో లోపల కనిపించదని తర్వాత తెలిసొచ్చి గాజు గ్లాసుల్లోకి మార్చా, అది వేరే విషయం. ఎక్కడిదాకా ఉందో రబ్బర్ బ్యాండ్‌తో గుర్తు పెట్టా. మొదటిది గంట పావుకి రెట్టింపు అయ్యింది. రెండోది దాని వెనకే, ఇంకో అరగంటకి వచ్చింది. మూడోది నాలుగు గంటలు పట్టింది. మీ ఇంట్లో ఇవే టైములు రావు, వంటింటి వేడిని బట్టి మారుతాయి. కానీ వరుస మాత్రం ఇదే వస్తుంది. వీకెండ్‌లో చేసి చూడండి, ఖర్చు 20 రూపాయలు కూడా కాదు.

ఇప్పుడు మెషిన్ సంగతి. బ్రెడ్ మెషిన్ మూత తీసి చూస్తే ఏముంటుంది? ఒక పాన్, అడుగున తిరిగే ఒక రెక్క, చుట్టూ హీటింగ్ కాయిల్, వేడి కొలిచే ఒక సెన్సర్, ఒక చిన్న కంట్రోలర్. పిండి ఎంత ఎత్తు పొంగిందో చూసే సెన్సర్ మన ఇళ్ళల్లో ఉండే మెషిన్లలో ఉండదు. డో మోడ్ అంటే కలుపు, ఇన్ని నిమిషాలు పిసుకు, ఇన్ని నిమిషాలు గోరువెచ్చగా ఉంచు, బీప్ కొట్టు. కోడ్ రాసేవాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, పని అయ్యిందో లేదో చెక్ చేయకుండా స్లీప్ పెట్టి, టైమ్ అయ్యింది కాబట్టి పని అయ్యే ఉంటుందని ముందుకెళ్ళిపోయే ప్రోగ్రాం. ఆఫీసులో జూనియర్ ఇలాంటి కోడ్ రాస్తే నేనే రివ్యూలో వెనక్కి పంపేవాణ్ణి. వంటింట్లో మాత్రం దేవుడి మాటలా నమ్మాను.

ఆ స్లీప్‌లో పెట్టిన నిమిషాలు కూడా మామూలు బ్రెడ్‌కి లెక్కేసినవి. కొన్ని మెషిన్లలో స్వీట్ అని వేరే మోడ్ ఉంటుంది. అందులో పొంగే టైమ్ ఎక్కువ, కాల్చే వేడి తక్కువ. అది ఉంటే వాడండి. కానీ అది కూడా గడియారమే.

ఇక్కడ ఒక కథ చెప్పకుండా ఉండలేను. 1985లో ఒసాకాలో మత్సుషిటా ఎలక్ట్రిక్ అనే కంపెనీ, అంటే ఇప్పటి పానసోనిక్, ఇంట్లో బ్రెడ్ చేసే మెషిన్ తయారు చేయడానికి నానా తంటాలు పడుతోంది. పై భాగం మాడిపోతోంది, లోపల పిండి పచ్చిగా ఉంటోంది. మెషిన్ పిసికిన పిండికీ, బేకరీ మాస్టర్ పిసికిన పిండికీ ఎక్స్‌రేలు కూడా తీసి పోల్చారు. ఏమీ తేలలేదు. అప్పుడు టీమ్‌లో ఇకుకో తనకా అనే ఒకావిడ, ఊళ్ళో మంచి బ్రెడ్‌కి పేరున్న ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కి వెళ్ళి, అక్కడి హెడ్ బేకర్ దగ్గర పని నేర్చుకుంది. ఆయన పిండిని లాగుతూ దాంతోపాటు మెలి తిప్పుతున్నాడని కనిపెట్టింది. ఆ మెలి మెషిన్‌లో రావడం కోసం పాన్ లోపల గట్లలాంటివి పెట్టారు. మీ మెషిన్ పాన్ లోపలి గోడలకి ఉబ్బెత్తు గీతలు ఉన్నాయేమో చూడండి. ఇంతకీ ఆ తనకా గారు ఎవరనుకుంటున్నారు? సాఫ్ట్‌వేర్ డెవలపర్. ఇకుజిరో నొనాకా అనే ప్రొఫెసర్ 1991లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఈ కథ ప్రపంచమంతా తెలిసింది. ఆమె సాఫ్ట్‌వేర్ మనిషై ఉండి బేకర్ చేతుల వైపు చూసింది. నేను సాఫ్ట్‌వేర్ మనిషై ఉండి స్క్రీన్ వైపు చూశా. సరే, వదిలేయండి.

ఇప్పుడు అసలు పద్ధతి. మెషిన్‌ని పిసికే మనిషిలా వాడుకోవాలి, టైమ్ కీపర్‌లా కాదు. దాని కోసం ముందు కొలతలు మార్చాం.

బేకరీ కొబ్బరి బన్ను తిన్నప్పుడు తీపి ఎక్కడుంటుంది? లోపలి కొబ్బరిలో. చుట్టూ ఉన్న రొట్టె నిజానికి కొంచెమే తీపి. మేం ఆ తీపంతా పిండిలోనే పెట్టేద్దామనుకున్నాం. ఇప్పుడు అక్క చేసేది ఇది. మైదా 400 గ్రాములు. పంచదార 60 గ్రాములు, అంటే 15 శాతం. ఉప్పు 6 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ 6 గ్రాములు, అంటే మేం మొదట వేసినదానికి రెట్టింపు. పాలు 200 మిల్లీలీటర్లు, ఒక కోడిగుడ్డు, వెన్న 50 గ్రాములు. మొత్తం కలిపితే 770 గ్రాముల పిండి ముద్ద వస్తుంది. ఒక్కోటి 64 గ్రాముల చొప్పున 12 బన్నులు. కిచెన్ స్కేల్ కొనుక్కోండి, దయచేసి. కప్పుతో మైదా కొలిస్తే ఒకసారి నొక్కి పోస్తాం, ఒకసారి వదులుగా పోస్తాం. ప్రతిసారీ వేరే రెసిపీ అవుతుంది.

పాల గురించి. పచ్చి పాలలో ఉండే కొన్ని వే ప్రోటీన్లు గ్లూటెన్‌ని బలహీనం చేస్తాయి. బాగా కాచితే ఆ బాధ తగ్గుతుంది. మన ఇళ్ళల్లో పాలు కాచకుండా వాడం కాబట్టి సగం పని అయిపోయినట్టే. కాచి చల్లార్చి, చలికాలం అయితే వేలు పెడితే గోరువెచ్చగా తగిలేలా వాడండి. పొగలు కక్కే పాలు పోస్తే 55, 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ నిజంగానే చచ్చిపోతుంది. అప్పుడు 8 గంటలు కాదు, 8 రోజులు ఆగినా పొంగదు.

అన్నీ పాన్‌లో వేసి డో మోడ్ పెట్టాక అక్కడినుంచి వెళ్ళిపోకండి. మొదటి 5 నిమిషాల తర్వాత మూత తీసి చూడండి. పిసికేటప్పుడు మూత తీస్తే ఏమీ కాదు, భయపడొద్దు. ఇక్కడ తీపి పిండి ఒక మోసం చేస్తుంది. మొదట గట్టిగా, పొడిపొడిగా కనిపిస్తుంది. అయ్యో అని పాలు పోసేస్తాం. కాసేపటికి పంచదార కరిగి అది కూడా తడిలా పనిచేస్తుంది, పిండి జారుగా అయిపోతుంది. అందుకే 200లో 180 పోసి, మిగతా 20 చేతిలో ఉంచుకుని, 10 నిమిషాలు ఆగి చూసి పోయాలి. అలాగే చేతికి అంటుకుంటోందని మైదా చల్లొద్దు. బన్ను పిండి చపాతీ పిండిలా ఉండదు. కొంచెం అంటుకోవాలి, పాన్ గోడల్ని మాత్రం వదిలేయాలి.

వెన్న మొదట్లో వద్దు. కొవ్వు మైదా రేణువులకి పూత పూసినట్టు అయితే గ్లూటెన్ వల కట్టుకోవడం కష్టం. నెయ్యి గుమ్మరించి మేం చేసిన తప్పు అదే. 10 నిమిషాలు పిసికాక, పిండి సాగడం మొదలయ్యాక, మెత్తబడిన వెన్న చిన్న ముక్కలుగా వేయండి. చాలా మెషిన్లు డ్రైఫ్రూట్స్ వేయమని మధ్యలో ఒక బీప్ కొడతాయి కానీ అది చివర్లో వస్తుంది, వెన్నకి ఆలస్యం. వెన్న వేయగానే పిండి పాన్‌లో జారిపోతూ, చిరిగిపోతూ చెడిపోయినట్టు కనిపిస్తుంది. ఆగండి. 5 నిమిషాల్లో మళ్ళీ దగ్గరపడుతుంది. చిన్న ముక్క తీసి రెండు చేతులతో లాగితే చిరగకుండా పల్చటి పొరలా, వెలుతురు కనిపించేలా సాగాలి. సాగకపోతే మెషిన్ ఆపి, డో మోడ్ మళ్ళీ మొదటినుంచి పెట్టి ఇంకో 10 నిమిషాలు పిసకనివ్వండి. మన మైదాకి ఇది తరచుగా అవసరం పడుతుంది.

యాలకుల పొడి పిండిలో వేసుకోవచ్చు. దాల్చినచెక్క మాత్రం ఎక్కువగా పిండిలో కలపకండి. దానిలో ఉండే సిన్నమాల్డిహైడ్ ఈస్ట్‌ని అణిచేస్తుంది. లోపలి స్టఫింగ్‌లో పెట్టుకోండి.

చివరి బీప్ వచ్చినప్పుడు ఒక్కటే పని. మూత తీసి చూడండి. రెట్టింపు అయ్యిందా? వేలికి మైదా అద్దుకుని గుచ్చితే ఆ గుంట నెమ్మదిగా కొంచెం మాత్రమే పూడుకోవాలి. టక్కున పూడిపోతే ఇంకా టైమ్ కావాలి. ప్లగ్ తీసేసి, మూత వేసి, అలాగే వదిలేయండి. అరగంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. ఇడ్లీ పిండికి మనం ఎవరమైనా అలారం పెడతామా? రాత్రి రుబ్బి పెడతాం, పొద్దున్నే మూత తీసి చూస్తాం, చలికాలం పొంగకపోతే ఆరోజు ఉప్మా చేసుకుంటాం. అమ్మని అడిగితే ఇన్ని గంటలని చెప్పదు, "పులవాలి" అంటుంది. ఇదీ అంతే.

వేసవిలో కథ రివర్స్. మే నెలలో అక్క ఇదే కొలతలతో చేస్తే బీప్ రాకముందే పిండి మూతకి తగిలింది. మెషిన్‌కి వేడి చేయడం తెలుసు, చల్లబరచడం తెలీదు. రెక్క రాపిడికి కూడా పిండి వేడెక్కుతుంది. పిసకడం అయిపోయేసరికి పిండి 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంటే హాయి. గదే 36 ఉంటే ఎలా ఉంటుంది? కాబట్టి వేసవిలో పాలు ఫ్రిజ్‌లోంచి నేరుగా పోయండి, మైదా కూడా ముందు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి, పిసకడం అవ్వగానే మెషిన్ ఆపి పిండిని బయటికి తీసేయండి. జపాన్ వాళ్ళకీ ఎండాకాలం ఇదే తలనొప్పి వచ్చింది. చల్లబరిచే పరికరం పెడితే ధర పెరుగుతుంది. అందుకని ఈస్ట్‌ని మొదట్లో కాకుండా మధ్యలో వేసే పాత పద్ధతి ఒకటి పట్టుకున్నారు. పానసోనిక్ మెషిన్ల మూతలో ఈస్ట్‌కి వేరే అర ఉండేది అందుకే. మీ మెషిన్‌లో అది లేకపోతే 10 నిమిషాలు పిసికాక మీరే వేసుకోవచ్చు, ఇన్‌స్టంట్ ఈస్ట్ అయితే.

అలాగే టైమర్ పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళొద్దు. పాలు, గుడ్డు గంటల తరబడి మెషిన్‌లో బయట వేడికి కూర్చుంటాయి. నీళ్ళతో చేసే బ్రెడ్‌కి సరే, దీనికి కుదరదు.

మరి నిజంగానే 20, 25 శాతం తీపి కావాలంటే? రెండు దారులున్నాయి. తీపి పిండి కోసమే పెంచిన ఈస్ట్ రకాలు దొరుకుతాయి. సాఫ్ ఇన్‌స్టంట్‌లో ఎర్ర ప్యాకెట్ మామూలుది, గోల్డ్ ప్యాకెట్ తీపి పిండికి. ఆన్‌లైన్‌లో అర కిలో ప్యాకెట్ వస్తుంది, తెరిచాక గాలి చొరబడని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టుకోవాలి. ఇంటి వాడకానికి అంత ఎందుకు అనుకుంటే రెండో దారి, అక్క చేసేది. సగం మైదా, పాలన్నీ, ఈస్ట్ మాత్రమే వేసి 5 నిమిషాలు మెషిన్‌లో కలిపి ఆపేస్తుంది. పంచదార, ఉప్పు వేయదు. 40 నిమిషాల్లో అది బుడగలతో నురగలా లేస్తుంది. ఈస్ట్ ఇబ్బంది లేకుండా పని అందుకున్నాక, మిగతావన్నీ వేసి డో మోడ్ మొదటినుంచి పెడుతుంది. అక్క దీన్ని "ముందు టిఫిన్ పెట్టి తర్వాత పని చెప్పడం" అంటుంది.

పొంగిన పిండిని గ్యాస్ తీసి, 12 ఉండలు చేసి, లోపల పచ్చి కొబ్బరి, పంచదార, యాలకులు, కాస్త టూటీ ఫ్రూటీ పెట్టి మూసి, ట్రేలో పెట్టండి. మళ్ళీ పొంగాలి. దీనికి కూడా గంట దాకా పట్టొచ్చు. ట్రే కదిపితే బన్నులు జెల్లీలా కొంచెం వణకాలి. పైన పాలు రాసి, 180 డిగ్రీల్లో 15 నుంచి 18 నిమిషాలు. పంచదార ఉంది కాబట్టి త్వరగా రంగు వస్తుంది. రంగు చూసి మోసపోయి ముందే తీయకండి, మరీ ముదిరితే పైన ఫాయిల్ కప్పండి. ఎక్కువ ఆర్డర్ ఉంటే రాత్రే పిండి చేసి, గిన్నెలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న చుట్టుకోవచ్చు. చల్లటి పిండిలో వెన్న గట్టిపడి ఉంటుంది, చుట్టడం కూడా తేలిక. అక్క ఇప్పుడు ఎక్కువగా ఇలాగే చేస్తోంది.

ఆ డబ్బా టేప్ విప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది. ఫిబ్రవరిలో నేను ఆ మూడు గ్లాసుల ఫోటోలు పంపితే, రెండు రోజులు బ్లూ టిక్ తప్ప ఏమీ రాలేదు. మూడో రోజు, "ఆదివారం తీసుకురా. ఈసారి బటన్ నేను నొక్కుతా" అని మెసేజ్ పెట్టింది. పుట్టినరోజు ఆవిడ మళ్ళీ ఆర్డర్ ఇవ్వలేదు. వాళ్ళ ఫ్లోర్‌లోనే ఉండే ఇంకొకరు మాత్రం ఇచ్చారు, గుడ్డు లేకుండా కావాలన్నారు. గుడ్డు తీసేస్తే దాని బదులు 45 గ్రాముల పాలు, ఒక స్పూన్ పాలపొడి వేస్తే సరిపోతుంది. రంగు కొంచెం తక్కువ వస్తుంది, మెత్తదనం బాగానే ఉంటుంది.

ఆ బ్యాచే ఇప్పుడు మెషిన్‌లో తిరుగుతోంది. నేను ఈ ఎపిసోడ్ అక్క వాళ్ళ హాల్లోంచే రికార్డ్ చేస్తున్నా, మధ్యమధ్యలో గరగర వినిపించింది అదే. స్క్రీన్ మీద ఇంకా 71 నిమిషాలు చూపిస్తోంది. అక్క వంటింట్లోంచి వెన్న తెమ్మని పిలుస్తోంది. ఉంటానండీ, బై.